అప్‌డేట్: లంబసింగి పొగమంచు ఫోటోలు, బూడిద రంగు సమస్య

లంబసింగిలో తీసిన మంచు ఫోటోలన్నీ మురికి బూడిద రంగులో వస్తున్నాయి, కెమెరా పోయిందా అని డిసెంబర్‌లో టెన్షన్ పడి అడిగింది నేనే. కెమెరాకేం కాలేదు. మీరు చెప్పినట్టు కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగే అనుకుని లెక్కేస్తుంది కాబట్టి తెల్లటి మంచుని కూడా చీకటి చేస్తోంది, అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 పెట్టుకుని సంక్రాంతి ముందు మళ్లీ వెళ్లా. మొదటి ఫోటోలోనే తేడా తెలిసింది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుందన్నవాళ్లకి కూడా థాంక్స్, రెండోది లోపలి జేబులో దాచా.

కానీ అసలు సంగతి వేరే. వ్యూపాయింట్ దగ్గర నూటయాభై తీశా, ఒక్కటీ నచ్చలేదు (అందరి సెల్ఫీ స్టిక్కులూ పడ్డాయి, అది వేరే బాధ). వెనక్కి వస్తూ టీ కొట్టు దగ్గర ఆగితే, కట్టెల పొయ్యి ఊదుతున్న పెద్దావిడ వెనక నుంచి ఎండ పడి, గ్లాసుల మీది ఆవిరీ పొగా అంతా వెలిగిపోతోంది. తీయనా అమ్మా అంటే "నన్నెందుకు బాబూ, కొండని తీసుకో" అని నవ్వింది. ఆ నవ్వే దొరికింది.

మార్చి, ఏప్రిల్‌లో చింతపల్లి వైపు కాఫీ పూతకి వెళ్తా, అవీ తెల్లటి పూలే కాబట్టి ఇదే కిటుకు. అప్పుడు ఆవిడకి ప్రింట్ ఇవ్వాలి. కొట్టంతా పొగ కదా, ల్యామినేషన్ చాలా, అద్దం ఫ్రేమ్ కట్టించాలా?