భీమవరంలో కొత్త ఇల్లు: అమ్మానాన్నల గది కిందా, పైనా?

యనమదుర్రు గట్టు:
అందరికీ నమస్కారమండి. భీమవరంలో మాకు నాలుగు సెంట్ల స్థలం ఉంది. సంక్రాంతి వెళ్లాక ఇల్లు మొదలుపెడదామనుకుంటున్నాం. అసలే పల్లం, వానాకాలం వీధిలో నీళ్లు నిలుస్తాయి. అందుకని కింద అంతా పార్కింగ్‌కి వదిలేసి పైన రెండంతస్తులు వేద్దామంటాడు తమ్ముడు. నాకు మాత్రం అమ్మానాన్నల గది కిందే ఉండాలని ఉంది.

నాన్నకి 79, అమ్మకి 74. ఆచంట దగ్గర మా ఊళ్లో ఉంటున్నారు, ఇక వాళ్లిద్దరినే అక్కడ ఉంచలేం. అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి. మెట్టెక్కాలంటే గోడ పట్టుకుని ముందు కుడికాలు పెట్టి, ఎడమకాలు దాని పక్కకి లాక్కుంటుంది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతుంది. నాన్న తెల్లారేసరికి అరుగు మీద ఉంటారు. పాలబ్బాయి దగ్గర్నుంచి రొయ్యల చెరువుకెళ్లే కుర్రాళ్ల దాకా అందరినీ కేకేసి పలకరించాల్సిందే. ఆయన్ని తీసుకెళ్లి రెండో అంతస్తులో కూర్చోబెడితే ఏమైపోతారోనని నా బెంగ.

కింద గది కావాలంటే బేస్‌మెంట్ రోడ్డు మీద మూడడుగులు లేపాలంటున్నారు మేస్త్రి గారు. పునాది తీయకముందే తేల్చుకోవాల్సినవి ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ రిటైర్డ్ ఇంజనీర్:
కింద గది వదులుకోకమ్మా. ముందు సగం గది, అరుగు. వెనక సగం పార్కింగ్. తమ్ముడూ ఒప్పుకుంటాడు.

ర్యాంపుకి (వీల్‌చైర్ తోసుకెళ్లే వాలు దారికి) 1:12 వాలు ఉండాలి. అంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. నీ మూడడుగులకి 36 అడుగులు, మధ్యలో ఆగడానికి చదును చోటు అదనం. గేటు నుంచి గుమ్మానికి తిన్నగా అంత రాదు. పక్క సందులోంచి తీసుకెళ్లి వంటింటి వైపు తలుపుకి కలపాలి. ఆ సందు నాలుగడుగులు వదలమని ప్లానులోనే చెప్పు. స్కూటర్ ఎక్కించడానికి ఇంటి ముందు కట్టే వాలుని ర్యాంపు అనుకోవద్దు. దాని మీద వీల్‌చైర్ తోస్తే మనిషి బరువు ఆపలేం.

మన నల్లమట్టి సంగతి మరీ ముఖ్యం. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. ఇల్లు పైల్స్ (లోతుగా దింపే పునాది స్తంభాలు) మీద కదలకుండా ఉంటుంది, ర్యాంపేమో పోసిన మట్టి మీద కుంగుతుంది. కొన్నాళ్లకి తలుపు దగ్గర రెండంగుళాల మెట్టు తేలుతుంది. వాకర్ కాళ్లు తట్టుకునేది సరిగ్గా అక్కడే. అందుకని ర్యాంపుకీ ఇంటితో పాటే బీములు వేయించు.

అమ్మగారికి రోజూ పనికొచ్చేవి మాత్రం మెట్లే. ఒక్కో మెట్టు ఎత్తు 6 అంగుళాలు దాటకూడదు, పాదం పెట్టే వెడల్పు 12 అంగుళాలు, రెండు వైపులా రెయిలింగు. లిఫ్ట్ తర్వాతెప్పుడో పెట్టినా దాని గుంత ఇప్పుడే తీయించి వాటర్‌ప్రూఫింగ్ చేయించు. మన నేలలో నీళ్లు పైనే ఉంటాయి.

తాడేపల్లిగూడెం ఫిజియో:
నా దగ్గరికి తుంటి విరిగి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది బాత్రూములో పడినవాళ్లేనండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరిస్తే, పడ్డ మనిషే తలుపుకి అడ్డం. వెడల్పు మూడడుగులు పెట్టించండి, మామూలుగా వేసే రెండున్నర చాలదు. గరుకు టైల్స్, కమోడ్ పక్కన గోడకి గట్టి కడ్డీ. వీధి గుమ్మానికి గడప ఉంచండి, శుక్రవారం పసుపు రాయకుండా అమ్మ ఉండలేరు. లోపలి గుమ్మాలకి, ర్యాంపు కలిసే తలుపుకి మాత్రం గడప వద్దు.

పాలకొల్లు నుంచి:
ఊళ్లో ఇల్లు పెద్దవాళ్లు మీకో తమ్ముడికో రాసిచ్చేటట్టయితే, తమని చూసుకోవాలన్న షరతు దస్తావేజులో రాయించండి. షరతు తప్పితే 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్లి ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. మీ మీద అనుమానంతో కాదండి, వాళ్ల ధైర్యం కోసం.

యనమదుర్రు గట్టు:
చాలా థాంక్సండి. షరతు రాయించడం నాకూ ఇష్టమే. ఇంజనీరు గారూ, ఆ పక్క సందులోనే సెప్టిక్ ట్యాంకు గీశారు మేస్త్రి గారు. ర్యాంపు దాని మీదుగా వెళ్లొచ్చాండి?

కాకినాడ రిటైర్డ్ ఇంజనీర్:
వద్దమ్మా. ట్యాంకు నిండినప్పుడు మూత తీయాలి, ఆ రోజంతా దారి మూసుకుపోతుంది. ట్యాంకు వెనక పార్కింగ్ వైపుకి మార్పించు. బోరు ఎక్కడ వేస్తున్నారో కూడా చెప్పు, రెంటికీ దూరం చూసుకోవాలి.