జలపాతం ఫొటోలో నీరు పాలధారలా ఉండాలా, చుక్కచుక్కా కనిపించాలా?

వాగు వెంట:
పోయిన ఆగస్టులో ములుగు జిల్లా బొగత జలపాతం దగ్గర నేను తీసిన ఫొటోలను మిత్రులకు చూపించినప్పుడు మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు కనుక దాన్ని మీ ముందు ఉంచుతున్నాను. కెమెరాను ట్రైపాడ్ మీద నిలబెట్టి, లెన్స్‌లోకి వచ్చే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించి, మూడు ఫొటోలను రెండేసి సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీశాను. నీరు పాలధారలా వచ్చింది. చూసినవారిలో సగం మంది చాలా బాగుందన్నారు, మిగతా సగం మంది అది నీరు కాదు, దూదిపరుపు అన్నారు. కదలని బొమ్మలో కదలికను చూపించడానికి ఇలా ఎక్కువసేపు తెరిచి ఉంచే నెమ్మది షట్టర్‌ను మించిన దారి లేదన్నది నా నమ్మకం. చుక్కలను గాలిలో ఆపేసిన ఫొటోలో నాకు ప్రవాహం కనిపించదు. మీరేమంటారు?

రాతిగట్టు:
మీతో ఏకీభవించలేను. వానాకాలంలో బొగత ఎదుట నిలబడినవారికి ముందు తెలిసేది ఆ హోరు, ఆ వెంటనే ముఖాన కొట్టే తుంపర. రెండు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే ఆ రెండూ చెరిగిపోతాయి. పైగా వరద రోజుల్లో నీటిలో మట్టి కలిసి ఉంటుంది కాబట్టి, దాన్ని అంతసేపు సాగదీస్తే పాలధార రాదు, టీ రంగు పొర ఒకటి బండ మీద పరిచినట్టు వస్తుంది. కుంటాల జలపాతం దగ్గర సెకనులో 1000వ వంతుతో తీసిన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. బండ అంచుకు కొట్టుకుని పైకి లేచిన నీటిముద్ద ఐదారు పాయలుగా చీలడం, ఒక్కో పాయ కొసన చుక్కలు తెగిన పూసల్లా విడిపోవడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ బలాన్ని చూపించని ఫొటో ఎంత అందంగా ఉన్నా అది ఆ జలపాతానిది కాదు, ఏ జలపాతానిదైనా కావచ్చు.

మబ్బుపొద్దు:
రాతిగట్టు గారి చివరి మాట నాకు నచ్చింది, కానీ దానికి మందు వేగమైన షట్టర్ అని ఒప్పుకోలేను. మాచర్ల దగ్గరి ఎత్తిపోతల జలపాతాన్ని తీసుకుందాం. దాని ఎత్తు సుమారు 70 అడుగులు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, అక్కడ అంచు దాటిన చుక్క మడుగులో పడడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది, కిందికి చేరేసరికి దాని వేగం సెకనుకు 20 మీటర్లు ఉంటుంది. ఆ వేగంతో అది సెకనులో 1000వ వంతులో 2 సెంటీమీటర్లు, ఎనిమిదో వంతులో రెండున్నర మీటర్లు కదులుతుంది. మన కన్ను విడి చుక్కనూ చూడదు, పాలధారనూ చూడదు. పడుతున్న నీటిలో పోగులను, వాటి మధ్య నల్లటి సందులను చూస్తుంది. కాబట్టి షట్టర్‌ను నీటి పరిమాణాన్ని బట్టి ఎంచుకోవాలి. అక్కడ పడే చంద్రవంక వాగు సన్నబడిన రోజుల్లో ధారలు తెగిపోతూ కనిపిస్తాయి. అర సెకను పెడితే అవి కలిసి నిండుగా వస్తాయి. అదే వాగు నిండుగా పారుతున్నప్పుడు అర సెకను పెడితే సందులన్నీ పూడిపోయి గోడలా తయారవుతుంది, అప్పుడు ఎనిమిదో వంతు నుంచి పదిహేనో వంతు దాకా పెడితేనే పోగులు మిగులుతాయి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. వాగు వెంట గారి మిత్రులు దూదిపరుపు అన్నది షట్టర్‌ను చూసి కాదని నా అనుమానం. ఎండలో తెల్లటి నురుగుకూ తడిసిన నల్లబండకూ వెలుగులో ఎంతో తేడా ఉంటుంది. బండకు సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే నురుగు పూర్తిగా తెల్లబోతుంది, అలా పోయిన వివరం తర్వాత ఎంత దిద్దినా తిరిగి రాదు. కెమెరాలో వెలుగునీడల పాళ్లను చూపే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్, కుడి అంచుకు గుద్దుకోకుండా నురుగును కాపాడుకుని, బండలోని వివరాన్ని ఇంటికి వచ్చాక, కెమెరా దిద్దకుండా దాచిన రా ఫైలులోంచి పైకి తీసుకోవాలి. మబ్బు పట్టిన రోజైతే ఈ కష్టమే ఉండదు. అడవి నీడలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 11 పెడితే సెకనులో నాలుగో వంతు దాకా ఫిల్టర్ లేకుండానే వస్తుంది. దానికి పోలరైజర్ అనే తిప్పుకునే ఫిల్టర్ కలిపితే తడి ఆకుల మీద, బండల మీద తెల్లటి మెరుపు తొలగి అసలు రంగు బయటపడుతుంది. నా సంచిలో ఒక్క ఫిల్టర్‌కే చోటుంటే పోలరైజర్‌నే పెట్టుకుంటాను.

వాగు వెంట:
నేను తీసింది మధ్యాహ్నం పన్నెండు దాటాక, మబ్బు విడిచిన వేళ. అంటే ఎండలో జలపాతాన్ని అసలు తీయకూడదంటారా?

రాతిగట్టు:
తీయాలి, మబ్బుపొద్దు గారు చెప్పని ఒక కారణం కోసం. పొద్దు మన వీపు వెనక ఉండి, ఎదుట తుంపర లేస్తుంటే ఇంద్రధనుస్సు వస్తుంది. మన నీడ తల ఉన్న దిక్కు నుంచి 42 డిగ్రీల దూరంలో అది ఏర్పడుతుంది కనుక, సమతలంలో నిలబడి చూసేవారికి పొద్దు అంతకంటే కిందికి దిగి ఉండాలి. ఉదయం, సాయంత్రం అందుకు అనువైన వేళలు. పోలరైజర్ అలవాటైనవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే దాన్ని ఒక వైపు తిప్పితే ఇంద్రధనుస్సు దాదాపు మాయమవుతుంది, ఇంకో వైపు తిప్పితే ముదురుతుంది. మబ్బు రోజు మెత్తటి వెలుగు వస్తుందని నేనూ ఒప్పుకుంటాను, కానీ అన్నీ ఆ వెలుగులోనే తీస్తే జలపాతాలన్నీ ఒకే నీరసపు ఆకుపచ్చలో మునిగిపోతాయి.

మబ్బుపొద్దు:
ఇంద్రధనుస్సు విషయం ఒప్పుకున్నాను. ఇక ఫ్రేమ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కడ నిలబడ్డామన్నది షట్టర్ కంటే ముందు తేలాల్సిన సంగతి. మబ్బు రోజు ఆకాశం ఫ్రేమ్‌లో పైన తెల్లటి మరకలా మిగిలి కన్నును లాగేస్తుంది, కాబట్టి వీలైనంత వరకు దాన్ని వదిలేయాలి. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు. దాని అడుగున నిలబడి కెమెరాను పైకెత్తితే కొండ వెనక్కి వాలిపోతుంది, అంత ఎత్తూ కుదించుకుపోతుంది. వెనక్కి నడిచి, కెమెరాను నిలువుగా తిప్పి, చెట్ల సందులోంచి తీస్తే ఎత్తు నిలబడుతుంది. అడుగున బండ దగ్గర ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది, కొలత తెలుస్తుంది. నీరు పడే చోటును ఫ్రేమ్ అంచుతో కోసేయవద్దు, మడుగుకు చోటు వదలాలి. అక్కడి నుంచి వాగు ఒక మూలకు పారుతూ బయటికి వెళ్తే చూపు దాని వెంటే జలపాతం దాకా నడిచి వస్తుంది.

తుంపర దగ్గర లెన్స్ మీద పడిన ఒక్క చుక్క అక్కడి చిన్న తెరలో కనిపించదు, ఇంటికి వచ్చి పెద్దది చేశాకే మసకగా బయటపడుతుంది. అందుకే ప్రతి ఫొటోకు ముందు నేను లెన్స్ తుడుస్తాను, తుడిచే గుడ్డలు మూడు ఉంచుకుంటాను.

వాగు వెంట:
రాత్రి రా ఫైళ్లను మళ్లీ తెరిచి చూశాను. రెండు సెకన్ల ఫొటోలు మూడింటిలోనూ మధ్య పాయ పూర్తిగా తెల్లబోయి ఉంది, అందులో తిరిగి తీసుకోవడానికి ఏమీ లేదు. మళ్లీ మబ్బు కమ్మాక, ఫిల్టర్ తీసేసి సెకనులో ఆరో వంతుతో తీసి పక్కన పడేసిన నాలుగో ఫొటోలో మాత్రం పోగులు, వాటి మధ్య నల్లటి బండ, ఎడమ అంచున తడిసిన నాచు అన్నీ ఉన్నాయి. నెమ్మది షట్టర్ మీద నా ఇష్టం తగ్గలేదు కానీ, రెండు సెకన్లు ఆ నీటికి ఎక్కువేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఒక చిక్కు మిగిలింది. ఆ ఫొటోలో కుడివైపు పైన తెల్లటి ఆకాశం కొంత ఉంది, దాన్ని కత్తిరిస్తే చివరి పాయ కూడా పోతుంది. రేపు ఆ ఫొటోను ఇక్కడ పెడతాను, పాయను ఉంచాలో వదలాలో మీరిద్దరూ చూసి చెప్పండి.