పీఎంపీ కోసం ఐదు నెలలు ఆగాలా, ఇప్పుడే సీఏపీఎం రాయాలా?

పీఎంపీ, సీఏపీఎం రెండూ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్లు; మొదటిది అనుభవం ఉన్నవాళ్లకు, రెండోది ప్రారంభ స్థాయివాళ్లకు. నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 6 ఏళ్ల అనుభవం ఉంది, చివరి మూడేళ్లు టీమ్ లీడ్‌గా. 4 నెలల్లో ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగాలకు 40 దరఖాస్తులు పెడితే ఇంటర్వ్యూ దాకా వెళ్లినవి రెండే. రెండుచోట్లా మొదటి ప్రశ్న "పీఎంపీ ఉందా?" అనే. రెజ్యూమెలో షెడ్యూల్, బడ్జెట్, రిస్క్ రిజిస్టర్ (రాగల ఇబ్బందుల జాబితా) పనులను అంకెలతో తిరగరాసి చూశాను. తేడా ఏమీ రాలేదు.

పీఎంపీకి కావాల్సిన 35 గంటల శిక్షణ పూర్తయింది. చిక్కల్లా అనుభవం లెక్క దగ్గరే. డిగ్రీ ఉన్నవాళ్లు 36 నెలలు ప్రాజెక్టులు నడిపించి ఉండాలి. నావి విడివిడిగా కూడితే 44 నెలలు. కానీ ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిచినా ఒక నెలే లెక్క కాబట్టి 31కి దిగింది, ఇంకా ఐదు తక్కువ. నా దరఖాస్తు ఆడిట్‌కు (తనిఖీకి) ఎంపికైతే పాత మేనేజర్లు ధ్రువీకరించాలి. తేదీలు సాగదీసి రాయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

సీఏపీఎంకు అనుభవం అక్కర్లేదు, 23 గంటల శిక్షణ చాలు. అయితే కొత్తవాళ్ల సర్టిఫికెట్ అన్న ముద్ర పడుతుందేమోనని బెంగ.

నియామకాలు చేసేవారిని అడుగుతున్నాను: లీడ్ స్థాయి వ్యక్తి రెజ్యూమెలో సీఏపీఎం మాత్రమే కనిపిస్తే ఇంటర్వ్యూకు పిలుస్తారా, పక్కన పెడతారా?