బీడీ సంఘం మొదటి డిమాండ్ ఏది: కూలి రేటా, ఆకా, కార్డా?

ఆర్మూర్ తమ్ముడు:
మా దగ్గర ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లతో సంఘం పెడుతున్నాం. ఆదివారం మీటింగ్. మొదటి డిమాండ్ ఒక్కటే ఉండాలి, వెయ్యి బీడీలకు కూలి పెంచాలి. మా అమ్మ పొద్దున వంట కాగానే చాట ముందేసుకుంటే చీకటి పడేదాకా లేవదు. మెడ నొప్పి, నడుం నొప్పి. ఆ కష్టానికి వచ్చేది ఉపాధి హామీ కూలి కన్నా తక్కువ.

స్వరూప, కమ్మర్‌పల్లి:
రేటు సంగతి తర్వాత తమ్మీ, ముందు ఆకు గురించి మాట్లాడు. కంపెనీకీ మాకూ మధ్య ఉండే కమీషన్‌దారు ఇచ్చే తునికాకులో చినిగినవి, మచ్చలు పడ్డవే ఎక్కువ. వెయ్యికి సరిపోక మా డబ్బుతో బయట కొంటున్నాం. తీరా అప్పజెప్పబోతే బాగా లేవని కట్టలకు కట్టలు పక్కన పెడతాడు. వాటికి పైసా ఇవ్వడు, తిరిగి మాకూ ఇవ్వడు.

ఆర్మూర్ తమ్ముడు:
రేటు పెరిగితే ఆకు కొన్న ఖర్చు అందులోనే వస్తుంది కదా అక్కా.

స్వరూప, కమ్మర్‌పల్లి:
ఎట్లా వస్తుంది? రేటు పెంచిన చేత్తోనే ఆకు తగ్గిస్తాడు. పోయిన దసరా ముందు నావి అట్లనే తీసేశాడు, అడిగితే వారం రోజులు పని ఇవ్వలేదు. ఆకు ఇవ్వడంలో, బీడీలు తీసేయడంలో తగాదా వస్తే అధికారి తేల్చాలని 1966 బీడీ కార్మికుల చట్టం 39వ సెక్షన్‌లోనే ఉండేది. అంత చిన్న సంగతే అయితే చట్టంలో ఎందుకు రాశారు?

నిజామాబాద్ పాఠకుడు:
ఆ చట్టం 2020 లేబర్ కోడ్‌లో కలిసిపోయింది, చూసుకోండి.

వేణు, కామారెడ్డి:
అసలు బీడీలు ఎన్నాళ్లు ఉంటాయి? కుట్టుపని నేర్పించమని అడగండి.

స్వరూప, కమ్మర్‌పల్లి:
వేణు గారూ, మా ఊళ్లో కుట్టుమిషన్లు ఇచ్చారు. కుట్టడానికి బట్టలు ఎవరు తెస్తారు? మా అక్క మిషన్ మూలన పెట్టి మళ్లీ బీడీలే చుడుతోంది. తమ్మీ, ఒక్కటి సూటిగా చెప్పు. పీఎఫ్ (భవిష్య నిధి) కార్డు లేనివాళ్లను సంఘంలో చేర్చుకుంటావా?

ఆర్మూర్ తమ్ముడు:
ముందు పీఎఫ్ కార్డు ఉన్నవాళ్లతో మొదలుపెడదాం. కంపెనీ లెక్కలో ఉన్నది వాళ్లే.

స్వరూప, కమ్మర్‌పల్లి:
అనుకున్నా. మా ఇంట్లో కార్డు అత్త పేరు మీద ఉంది. ఆమెకు కళ్లు కనబడవు. చుట్టేది నేనూ, మా యారాలూ. నెలకు 2,016 రూపాయల బీడీ పెన్షన్ ఆమెకే వస్తుంది. ఆమె తీసుకోవద్దని అనను, ఆమె జీవితమంతా చుట్టింది. మరి మా ఇద్దరి చేతులు ఏ లెక్కలో ఉన్నాయి? పీఎఫ్ లేదు, పెన్షన్ రాదు, ఇప్పుడు సంఘంలో కూడా పేరు ఉండదా?

ఆర్మూర్ తమ్ముడు:
కోపం వద్దు అక్కా. అమ్మకు ఇప్పుడే నెలలో సగం రోజులు పని ఉండడం లేదు. కొత్త కార్డులు అడిగితే ఉన్న పనినే అందరికీ పంచుతారు. అమ్మ వాటా ఇంకా తగ్గుతుంది. దానికి నువ్వు జవాబు చెప్పగలవా?

స్వరూప, కమ్మర్‌పల్లి:
పని ఎప్పుడో పంచుకుంటున్నాం, రికార్డులో పేరు ఒక్కటే లేదు. రేపు అత్త పోతే ఆ కార్డు పోతుంది, మేము ఎవరమని కంపెనీని అడగాలి?

పద్మ, సిరిసిల్ల:
ఒక మాట. 1985లో పీఎం పటేల్ అండ్ సన్స్ అనే బీడీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఇంట్లో చుట్టినా, మధ్యలో కాంట్రాక్టరు ఉన్నా, చుట్టేవాళ్లు కంపెనీ ఉద్యోగులే, పీఎఫ్ వర్తిస్తుంది అంది. బీడీలు బాగా లేవని తీసేసే అధికారం కంపెనీ చేతిలో ఉండడమే దాని అజమాయిషీకి గుర్తని చెప్పింది. అంటే స్వరూపక్క కట్టలు తీసేసిన ప్రతిసారీ ఆమె ఎవరి కార్మికురాలో వాళ్లే చూపిస్తున్నారు. తీసేసిన బీడీల లెక్క తేదీతో రాసి పెట్టుకోండి. కార్డు అడగడానికి అది పనికొస్తుంది.

స్వరూప, కమ్మర్‌పల్లి:
నేను రాస్తాను పద్మక్కా. తమ్మీ, ఆదివారం రిజిస్టర్‌లో చుట్టేవాళ్ల పేర్లు రాస్తావా, కార్డు ఉన్నవాళ్లవేనా?

ఆర్మూర్ తమ్ముడు:
రెండు వరుసలు పెడతాను, కార్డు ఉన్నవాళ్లది ఒకటి, లేనివాళ్లది ఒకటి. కానీ కొత్త కార్డుల డిమాండ్‌కు అమ్మా, ఆమెతోటివాళ్లూ ఒప్పుకోవడం లేదు. వాళ్లతో నువ్వే వచ్చి మాట్లాడాలి.

స్వరూప, కమ్మర్‌పల్లి:
వస్తా. మా అత్తను కూడా తీసుకొస్తా.