ఉప్పు తగలగానే మొక్క తన కణాల గూడు తానే ఎందుకు విప్పేసుకుంటుంది?

లంక బోటనీ మాస్టారు

అమలాపురం దగ్గర ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. మా వెనక చేలకి ఆనుకునే రొయ్యల చెరువులున్నాయి. ఎండాకాలంలో ఉప్పు ఊట ఇటు వస్తుంది. ఈసారి దాళ్వా నారుమడిలో గట్టు పక్కన నారంతా ఆకు కొసలు తెల్లగా ఎండిపోయి ఉంటే, ఫస్టియర్ పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను.

అక్కడ నోరు జారి, ఎప్పుడో చదివిన ముక్క ఒకటి చెప్పాను. ఉప్పు తగిలిన కొద్దిసేపటికే కణానికి ఊతమిచ్చే గూటిలోని సూక్ష్మనాళికలు, అంటే మైక్రోట్యూబ్యూల్స్, విడిపోతాయని. ఒక కుర్రాడు వెంటనే, "ఇల్లు తగలబడుతుంటే దూలాలు పీకేసుకుంటారా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మన పుస్తకంలో సైటోస్కెలిటన్, అంటే ఈ కణం గూడు గురించి ఉన్నవి మూడే మాటలు: ఊతం, కదలిక, ఆకారం. ఊతమిచ్చేదాన్ని కష్టకాలంలో పడగొట్టుకోవడం ఏమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి. అలాగే మైక్రోస్కోపు సరిగ్గా లేని కాలేజీలో పిల్లలకి చూపించగలిగింది ఏదైనా ఉందా?

రాము_జువాలజీ

ఇందులో అంత ఆలోచించడానికేముంది మాస్టారూ? ఉప్పు విషం. ప్రోటీన్లు పాడవుతాయి, గూడు కూలుతుంది. మొక్క కావాలని చేసేదేం కాదు.

చీకటిగది

రాముగారితో నాకు పేచీ ఉంది. మొదట్లో నేనూ అచ్చం అలాగే అనుకుని ఒక రోజు పనంతా చెత్తబుట్టలో పడేశాను.

హైదరాబాదులో పీహెచ్‌డీ చేసినప్పుడు నా పని ఇదే. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క, దాని ట్యూబ్యులిన్‌కి, అంటే సూక్ష్మనాళికల్ని కట్టే ప్రోటీన్‌కి, జెల్లీ చేప నుంచి వచ్చిన ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ తగిలించి ఉంటుంది. కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు గది ఎప్పుడూ చీకటిగా, చల్లగా ఉండేది. మే నెలలో స్వెటర్ వేసుకుని వెళ్తుంటే క్యాంటీన్ వాళ్ళు నవ్వేవారు.

ఉదయం పదింటికి అయిదు రోజుల మొలకని పెట్టి చూశాను. కణం పొర లోపలి వైపు సన్నటి ఆకుపచ్చ గీతలు, మగ్గం మీద పడుగు పోగుల్లా వరసగా ఉన్నాయి. ఒక్కో గీత మందం 25 నానోమీటర్లు. తరవాత ఉప్పు నీళ్ళు. లీటరుకి 9 గ్రాములు, సముద్రపు నీటిలో ఉండే ఉప్పులో పావు వంతు. పన్నెండింటికి చూస్తే గీతలు లేవు. అక్కడక్కడా చుక్కలు, మిగతా అంతా పచ్చటి మంచు. మొలక చచ్చిందనుకుని డిష్ పారేసి భోజనానికి వెళ్ళాను.

మా గైడ్ ఒకే ఒక్క మాట అడిగారు. "సాయంత్రం దాకా కూర్చున్నావా?"

మరుసటి వారం కూర్చున్నాను. నాలుగింటికి ఒకటీ అరా గీత కనిపించింది, ఆరింటికి మళ్ళీ వరసలు వచ్చాయి. పాత వరసలు కాదు, వేరే వాటంలో ఉన్నవి. విషానికి పాడైపోయిన వస్తువు సాయంత్రానికి తనంతట తాను బాగుపడదు కదా.

కావాలనే విప్పుతుందని ఎలా తెలుసంటే, 2007లో చైనా శాస్త్రవేత్తలు ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. క్యాన్సర్‌కి వాడే టాక్సాల్ ఉంది కదా, అది సూక్ష్మనాళికల్ని విడిపోకుండా బిగించి పెడుతుంది. అది ఇచ్చిన మొలకలు ఉప్పులో ఎక్కువ చచ్చిపోయాయి. నాళికల్ని విడగొట్టే ఒరైజాలిన్ ఇచ్చినవి ఎక్కువ బతికాయి. మొదటిసారి చదివినప్పుడు అంకెలు తారుమారుగా అచ్చయ్యాయేమో అనుకున్నాను.

విప్పే పనికి మొక్క దగ్గర పనిముట్లు కూడా ఉన్నాయి. స్పైరల్1 అనే చిన్న ప్రోటీన్ నాళికల్ని నిలబెడుతుంది. అది లేని మొక్క మెలి తిరిగి పెరుగుతుంది, పేరు అందుకే. ఉప్పు తగలగానే దాన్ని కణంలో ప్రోటీన్లని ముక్కలు చేసే యంత్రం, ప్రోటియాసోమ్, ముక్కలు చేసేస్తుంది. ఇంకో వైపు పీహెచ్ఎస్1 అనే ఎంజైమ్ నీటి ఒత్తిడి మారగానే మేలుకుని, ట్యూబ్యులిన్‌కి ఫాస్ఫేట్ తగిలించి అది మళ్ళీ అతుక్కోకుండా చేస్తుంది. ఇంటివాళ్ళే తాళం తీశారంటే దొంగతనం అనలేం కదా రాముగారూ.

తిరిగి కట్టడానికి వేరే పనివాళ్ళున్నారు. 2015లో సీసీ1, సీసీ2 అని రెండు ప్రోటీన్ల సంగతి బయటపడింది. ఇవి సెల్యులోజ్ నేసే యంత్రాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. రెండూ లేని మొక్క మామూలు మట్టిలో బాగానే ఉంటుంది. ఉప్పులో పెడితే దాని నాళికలు విడిపోతాయి గానీ తిరిగి లేవవు, మొక్క గిడసబారుతుంది. చిక్కంతా తిరిగి కట్టలేకపోవడంలోనే ఉంది, విడిపోవడంలో కాదు.

మీ కుర్రాడికి ఇల్లు అనకండి మాస్టారూ, పెళ్ళి పందిరి అనండి. తుఫాను వస్తుందని తెలిస్తే మనమే గుడ్డలు, తాళ్ళు విప్పి గుంజలు పక్కన పడేస్తాం. గాలి తగ్గాక అవే గుంజలు, ఈసారి గాలివాటు చూసుకుని పాతుతాం. ట్యూబ్యులిన్లు ఆ గుంజలు, మళ్ళీ పనికొస్తాయి. నాళికలు విడిపోవడానికీ కణంలో కాల్షియం పెరగడానికీ సంబంధం ఉంది. కాల్షియమే మొక్కకి కబురు చేరవేసే బంట్రోతు.

మరో గూడు యాక్టిన్, ఇంకా సన్నం, 7 నానోమీటర్లు. నీళ్ళ ఎద్దడిలో పత్రరంధ్రాలు మూసుకునేటప్పుడు రక్షక కణాల్లో దాని పోగులు చెదిరి మళ్ళీ సర్దుకుంటాయి. అది వేరే రోజుకి ఉంచుతాను, లేకపోతే ఇక్కడే తెల్లారిపోతుంది.

కదిరి వేరుశనగ

చదువుకున్నవాళ్ళ మధ్య దూరుతున్నా, ఏమనుకోవద్దు. ఒరైజాలిన్ అన్నారు కదా మేడమ్, మేము వేరుశనగలో మొలవకముందు కొట్టే పసుపు రంగు కలుపు మందు, పెండిమిథాలిన్, అదీ ఆ జాతిదేనా? రెండేళ్ళ కిందట చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేసి, తెలియక అంతటా ఒకే చేత్తో మందు కొట్టేసినా. వేరుశనగ బాగానే వచ్చింది. జొన్న మాత్రం వేలెడెత్తు లేచి ఆగిపోయింది. పీకి చూస్తే వేళ్ళు పొట్టిగా, కొసలు అగ్గిపుల్ల తలకాయల్లా ఉబ్బి ఉన్నాయి. పురుగనుకుని దానికీ ఒక మందు కొట్టినా. అది దండగ.

చీకటిగది

మీరు కళ్ళతో చూసింది నేను లక్షల రూపాయల మైక్రోస్కోపులో చూసిందే అన్నా. అవును, రెండూ ఒకే జాతి. రెండూ ట్యూబ్యులిన్‌ని పట్టుకుని నాళిక కట్టనివ్వవు.

ఉబ్బడం ఎందుకంటే, మాస్టారికి ధాన్యం పురి తెలుసు. మీ వైపు కడతారో లేదో గానీ, మా గోదావరి వైపు గడ్డితో వెంటి పేని, వరసలు వరసలుగా చుట్టూ తిప్పుతూ లోపల ధాన్యం పోస్తారు. వెంటి అడ్డంగా బిగిసి ఉంటుంది గనక పురి పక్కలకి ఉబ్బకుండా పైకి లేస్తుంది. కణం చుట్టూ ఉండే సెల్యులోజ్ పోగులు ఆ వెంటి. ఏ వాటంలో చుట్టాలో దారి చూపించేవి సూక్ష్మనాళికలు. సెల్యులోజ్ నేసే యంత్రం ఆ నాళికల వెంబడే నడవడాన్ని 2006లో బతికున్న కణంలోనే చూశారు. దారి చెరిపేస్తే చుట్టు గాడి తప్పుతుంది, వేరు పొడుగు పెరగాల్సింది పక్కలకి ఉబ్బుతుంది. పైగా ఒక కణం రెండుగా విభజన చెందాలంటే కూడా నాళికలే కావాలి, అదీ ఆగిపోతుంది.

వేరుశనగకి ఏం కాలేదంటే, ఆ మందు మట్టిని అంటిపెట్టుకుని పై పొరలోనే ఉంటుంది. మీ గింజ లోతున పడింది. జొన్న గింజ పైపైన పడి ఉంటుంది.

మీకు నచ్చే సంగతి ఒకటుంది. రాగికి దగ్గరి చుట్టమైన ఒక కలుపు గడ్డి ఈ జాతి మందులకి లొంగడం మానేసింది. అమెరికాలో సౌత్ కరొలినా పత్తి చేలల్లో 1973లోనే చూశారు. కారణం 1998లో తేలింది. ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో 239వ చోట త్రియొనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది ఐసోల్యూసిన్ అయింది. మొత్తం గొలుసులో ఒక్క పూస మారింది.

రాముగారు అడగకముందే చెబుతాను. ఒరైజాలిన్ ఉప్పులో మొక్కని కాపాడిందని చెప్పి, అదే జాతి మందు జొన్నని చంపిందంటే ఎలా అని. పందిరి ఒక పూట విప్పడం వేరు, వారాల తరబడి గుంజ పాతనివ్వకపోవడం వేరు.

మాస్టారూ, మీ రెండో ప్రశ్నకి జవాబు అన్న దగ్గరే దొరికింది. గ్లాసు నీళ్ళలో ఉల్లిపాయ అడుగు తగిలేలా పెట్టండి. వేళ్ళు సెంటీమీటరు వచ్చాక, లీటరుకి ఒకటి రెండు చుక్కలు పెండిమిథాలిన్ కలిపిన నీళ్ళలోకి మార్చండి. రెండు మూడు రోజుల్లో కొసలు ఉబ్బుతాయి, వట్టి కంటికే కనిపిస్తుంది. చేతికి తొడుగులు వేసుకుని మీరే కలపండి, పిల్లల చేతికి సీసా ఇవ్వకండి.

రాము_జువాలజీ

ఒప్పుకున్నాను. తాళం మాట బాగా తగిలింది.

లంక బోటనీ మాస్టారు

పురి అనగానే మా నాన్న గుర్తొచ్చారు, వెంటి పేనడంలో ఊళ్ళో పేరుండేది. పందిరి సంగతి కుర్రాడికి చెప్పాను. "అయితే సార్, మన నారుకి విప్పడం చేతకాలేదా, కట్టడం చేతకాలేదా?" అన్నాడు. వీడితో కష్టం.

ఉల్లిపాయలు మూడు గ్లాసుల్లో పెట్టాం. ఒకటి మామూలు నీళ్ళు, ఒకటి ఉప్పు నీళ్ళు, ఒకటి మందు నీళ్ళు. సోమవారం ఫొటోలు పెడతాను. మూడో గ్లాసు మీద ఎర్ర సిరాతో చీటీ కూడా అంటించాను. మా అటెండరు సాయంత్రం పూట ల్యాబులో ఉల్లిపాయలు కనిపిస్తే పులుసులోకి పట్టుకెళ్ళిపోతాడు.