ఫజీ కంట్రోలర్ పెట్టినా ఘాట్ రోడ్డులో బ్రేకింగ్ కరెంటు తిరిగి రావట్లేదు

ప్రశ్న: అన్నా, నాది ఫైనలియర్ ట్రిపుల్ ఈ. సిమ్యులింక్‌లో (కంప్యూటర్‌లో నమూనా నడిపే సాఫ్ట్‌వేర్) 1800 కిలోల ఎలక్ట్రిక్ కారు, 30 యూనిట్ల బ్యాటరీ, తోడుగా 48 వోల్టుల 165 ఫారడ్ల సూపర్ కెపాసిటర్ (కరెంటును చప్పున నింపుకుని చప్పున వదిలేది) పెట్టా. బ్రేకేస్తే పుట్టే కరెంటు ఎటు పోవాలో ‘వేగం ఎక్కువైతే ఇలా’ లాంటి రూల్స్‌తో తేల్చేది ఫజీ కంట్రోలర్, దానికి 49 రూల్స్ రాశా. తిరుమల నుంచి తిరుపతికి దిగే రూట్ ఇస్తే నిమిషంలోపే కెపాసిటర్ నిండిపోయి మిగతాదంతా మెకానికల్ బ్రేకుల్లోకి పోతోంది. రూల్స్ ఇంకా పెంచాలా?

జవాబు: రూల్స్ పక్కన పెట్టి ముందు కాగితం మీద లెక్క వెయ్యి తమ్ముడూ. నీ కెపాసిటర్ మొత్తం పట్టేది 53 వాట్ అవర్లు. గంటకు 50 కి.మీ. వేగంలో బ్రేకేస్తే కారు వదిలేది 48, అంటే అది ఒక్క సిగ్నల్ దగ్గర ఆగడానికి సరిపోయే గిన్నె. తిరుమల దిగుడు సుమారు 700 మీటర్లు, ఆ ఎత్తులో నీ కారులో ఉన్నది దాదాపు 3.4 యూనిట్లు, అంటే 3400 వాట్ అవర్లు. చెంబుతో చెరువు తోడుతున్నావు. బ్యాటరీ ఎంత ఛార్జ్‌తో మొదలెట్టావు?

ప్రశ్న: 100 శాతం అన్నా.

జవాబు: కొంప ముంచింది అదే. నిండిన బ్యాటరీలోకి ఇంకేం పోదు. టైర్ల రాపిడి, గాలి, మోటారు నష్టాలు తీసేస్తే చేతికి వచ్చేది ఒకటిన్నర యూనిట్ అనుకో, నీ బ్యాటరీలో 5 శాతం. కొండమీద ఛార్జింగ్ 94 శాతం దగ్గర ఆపేలా రాయి, ముందు దిగుడుందని మ్యాప్ ఎత్తుల నుంచి కంట్రోలర్‌కి తెలియాలి. నన్నడిగితే అసలు తెలివి అక్కడుంది, 49 రూల్స్‌లో కాదు. ఎమ్ఐడీసీ సైకిల్‌లో (కార్ల పరీక్షల కోసం తయారైన భారతీయ వేగాల పట్టిక) వాలు ఉండదు కాబట్టి దానిమీద నడిపితే ఈ తేడా నీకెప్పటికీ కనపడదు.

ప్రశ్న: మరి కెపాసిటర్ తీసేయాలా?

జవాబు: తీసేయకు, ఊళ్లో పనికొస్తుంది. ఫజీ కంట్రోలర్‌కి ఇన్‌పుట్‌గా వేగం కూడా ఇవ్వు: బండి జోరు మీదుంటే కెపాసిటర్ ఖాళీగా ఉండాలి (కాసేపట్లో బ్రేకు పడుతుంది కదా), ఆగి ఉంటే నిండుగా ఉండాలి. వేగం మూడు స్థాయిలు, కెపాసిటర్ ఛార్జ్ మూడు, 9 రూల్స్ చాలు. పక్కన మామూలు లో పాస్ ఫిల్టర్‌తో (నెమ్మదిగా మారే కరెంటును బ్యాటరీకి, చకచకా మారేదాన్ని కెపాసిటర్‌కి పంచేది) ఒక రన్ తీసిపెట్టుకో, వైవాలో ఫజీ ఎందుకని మొదట అడిగేది దాన్ని చూపించే.