డిస్క్ తిరుగుతోంది, సెకన్లు నడుస్తున్నాయి, శబ్దం లేదు: పాత సీడీ ప్లేయర్‌ని రిపేర్ చేయించాలా, బయటి డ్యాక్ పెట్టుకోవాలా?

మలక్‌పేట్ శ్రోత:
మా నాన్నగారు 1991లో సౌదీ నుంచి తెచ్చిన ప్లేయర్. డిస్క్ పెడితే తిరుగుతుంది, డిస్‌ప్లే మీద పాటల సంఖ్య వస్తుంది, సెకన్లు నడుస్తాయి. స్పీకర్లలో మాత్రం రెండు వైపులా ఏమీ వినపడదు. అదే కేబుల్‌తో, ఆంప్లిఫయర్‌లో అదే ఇన్‌పుట్‌కి ఫోన్ కలిపితే పాట బాగానే వస్తోంది. మెకానిక్ లేజర్ యూనిట్ మొత్తం మార్చాలంటున్నాడు. వెనకాల డిజిటల్ అవుట్ ఉంది కదా, చిన్న డ్యాక్ (డిజిటల్ సిగ్నల్‌ని శబ్దంగా మార్చే పరికరం) కొనుక్కో అని మా బావ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

టార్నాక డిజిటల్:
మీ బావగారి మాటే వినండి. కోయాక్సియల్ కేబుల్ ఒకటి పెడితే పని అయిపోతుంది. ముప్ఫై ఏళ్లు దాటిన బోర్డు విప్పితే ఒకటి బాగుచేసేలోపు ఇంకొకటి పోతుంది. పైగా సర్వీస్ మాన్యువల్ చూసి పనిచేసే మెకానిక్ దొరకాలి కదా.

కోఠి సోల్డర్:
శ్రోత గారూ, ముందు ఆ లేజర్ మార్చనివ్వకండి. డిస్క్ లోపలి అంచులో ఉండే పట్టిక చదివితే తప్ప పాటల సంఖ్య రాదు. లేజర్ వెలిగి, ఫోకస్ కుదిరి, డేటా అందుతుంటేనే సెకన్లు నడుస్తాయి. మీ ప్లేయర్ డిస్క్‌ని చదువుతోంది. చదివినది శబ్దంగా బయటికి వచ్చే దారిలో ఎక్కడో ఆగింది. పనిచేసే లేజర్ తీసేస్తే మళ్లీ అలాంటిది దొరకడం కష్టం.

ముందు హెడ్‌ఫోన్ సాకెట్‌లో వినండి. అక్కడ పాట ఉండి వెనక లేకపోతే అవుట్‌పుట్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) గానీ, సాకెట్ దగ్గర టంకం గానీ చూడాలి. ఆ తర్వాత ఎవరి దగ్గరైనా డ్యాక్ అడిగి తెచ్చి కలపండి. పరీక్షకు డ్యాక్ వాడమంటే నేనూ ఒప్పుకుంటాను. దానితో పాట వస్తే లోపం లోపలి డ్యాక్ చిప్ దగ్గరో, ఆ తర్వాతో, వాటికి అందే వోల్టేజీలోనో ఉన్నట్టు.

రెండు ఛానెళ్లూ ఒకేసారి పోయాయన్నది పెద్ద ఆధారం. విడివిడి భాగాలు ఒకే రోజు పాడవడం అరుదు, కాబట్టి రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటినే అనుమానించాలి: పవర్ సప్లై, మ్యూట్ సర్క్యూట్. ఆన్ చేసినప్పుడు, పాట మార్చినప్పుడు స్పీకర్లలో ‘ఢప్’మనకుండా శబ్దాన్ని ఆపి ఉంచేది మ్యూట్. కొన్ని మోడళ్లలో అది రిలే, కొన్నింటిలో సిగ్నల్‌ని గ్రౌండ్‌కి కలిపే ట్రాన్సిస్టర్లు. వాటిని విడిపించే వోల్టేజీ రాకపోతే ప్లేయర్ ఎప్పటికీ మ్యూట్‌లోనే ఉంటుంది. డిస్‌ప్లే మాత్రం మామూలుగా వెలుగుతుంది.

అలాగే ఆడియో భాగంలోని ఆప్-ఆంప్‌లకు, అంటే సిగ్నల్‌ని పెంచే చిప్‌లకు, చాలా ప్లేయర్లలో ప్లస్, మైనస్ రెండు వోల్టేజీలూ కావాలి. డిస్క్‌ని చదివే లాజిక్ సర్క్యూట్ మామూలుగా 5 వోల్టులతో నడిచిపోతుంది. అందుకే మైనస్ లైన్ పోయినా బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ దారిలో తరచూ ఉండే ఫ్యూజిబుల్ రెసిస్టర్ (కరెంటు ఎక్కువైతే ఫ్యూజులా తెగిపోయేది) పైకి చక్కగా కనిపిస్తూనే లోపల తెగిపోయి ఉండొచ్చు. కొన్ని రూపాయల వస్తువు అది. దాన్ని మార్చేముందు ఎందుకు తెగిందో చూడాలి, షార్ట్ అయిన కెపాసిటర్ కారణం కావచ్చు.

బయటి డ్యాక్‌తో సరిపెట్టుకోవద్దు అనడానికి నాకున్న గట్టి కారణం కూడా కెపాసిటరే. దాంట్లోంచి కారే ఎలక్ట్రోలైట్ ద్రవం బోర్డు మీది రాగి ట్రాకుల్ని తినేస్తుంది. మీరు హాయిగా పాట వింటూ ఉంటారు, లోపల ఆ పని సాగుతూనే ఉంటుంది. ఆనాటి డ్యాక్ చిప్‌లు, ఉదాహరణకు ఫిలిప్స్ టీడీఏ1541, ఇప్పుడు తయారు కావడం లేదు. నాన్నగారు విన్న శబ్దం కావాలంటే అది ఆ బోర్డు నుంచే రావాలి.

టార్నాక డిజిటల్:
లేజర్ విషయంలో మీరే కరెక్ట్, అన్నా. కానీ చెవికి తెలిసేంత తేడా ఉంటుందంటే ఒప్పుకోను. సీడీలో ఉన్నది 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. ఇవాళ్టి మామూలు డ్యాక్ కూడా దాన్ని శుభ్రంగా ఇస్తుంది.

కోఠి సోల్డర్:
మామూలు డిస్కులకు సరే. 1980ల నాటి కొన్ని డిస్కుల్ని ప్రీ-ఎంఫసిస్‌తో, అంటే కీచు శబ్దాల్ని (ట్రెబుల్‌ని) పెంచి రికార్డు చేశారు. పాత ప్లేయర్ డిస్క్‌లో దానికి ఉండే గుర్తు చూసి వాటిని తగ్గిస్తుంది. ఇప్పటి డ్యాక్‌లు చాలా వాటికి ఆ ఏర్పాటు లేదు, పాట గీచుకుపోతున్నట్టు వస్తుంది.

టార్నాక డిజిటల్:
అలాంటి డిస్కులు మన ఇళ్లలో ఎన్ని ఉంటాయి? ఆ కొద్దిటి కోసం బోర్డు విప్పమని నేను చెప్పను.

మలక్‌పేట్ శ్రోత:
హెడ్‌ఫోన్‌లో కూడా ఏమీ లేదు. మా బావ డ్యాక్ తెచ్చి పెట్టాడు, పాట వచ్చింది!

కోఠి సోల్డర్:
అయితే రిలే మీద అనుమానం తగ్గింది, వోల్టేజీ మీద పెరిగింది. మెకానిక్‌ని ఆప్-ఆంప్ కాళ్ల దగ్గర ప్లస్, మైనస్ రెండూ కొలిచి చూపించమనండి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు 230 వోల్టులు ఉంటాయి, మీరు మాత్రం చేయి పెట్టకండి. మైనస్ లేకపోతే పాత రెసిస్టర్ రంగుల గీతలు ఫోటో తీసుకుని కోఠిలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే గుజరాతీ గల్లీకి వెళ్లండి. అదే విలువ, అదే వాటేజీ, ఫ్యూజిబుల్ రకమే అడగండి. మామూలు రెసిస్టర్ ఇస్తే తీసుకోవద్దు.